స్టీలు గ్లాసులో రీస్లింగ్

నాన్న పోయి తొమ్మిది నెలలైంది. చుట్టాలూ స్నేహితులూ ఫోన్లు తగ్గించేశారు. ఆయన లేడన్న సంగతి చివరికి బ్యాంకు కూడా ఒప్పుకుంది. ఇప్పటికీ క్రమం తప్పకుండా ఆయనకి ఉత్తరాలు రాస్తున్నది సిడ్నీ సిటీలో ఉన్న ఒక వైన్ కొట్టు మాత్రమే. ఆయన ఈమెయిల్ ఇప్పుడు నేనే చూస్తున్నాను కాబట్టి ఆ ప్రేమలేఖలన్నీ నాకే వస్తాయి. మొన్న వచ్చినదాంట్లో, జర్మనీలోని ఫాల్జ్ ప్రాంతం నుంచి తెప్పించిన తెల్ల వైన్లూ ఎర్ర వైన్లూ ఆదివారం మధ్యాహ్నం రుచి చూపిస్తున్నామనీ, మీలాంటి పాతవాళ్ళు రాకపోతే లోటుగా ఉంటుందనీ రాశారు. లోటు గురించి నాకు చెప్తున్నారు. డిలీట్ చెయ్యబోయి ఆగిపోయాను. ఎందుకంటే అప్పటికి రెండు వారాలుగా నన్నొక అనుమానం పీకుతోంది. అమ్మకి వాసనలు తెలియడం లేదు. అడిగితే ఒప్పుకోదు. నాన్న పోయినప్పుడు అందరి ముందూ ఏడ్చిన మనిషి, ఈ ఒక్క సంగతి మాత్రం కన్నకూతురి దగ్గర దాస్తోంది.

మా అమ్మకి వాసన తెలియకపోవడం అంటే ఏమిటో అర్థం కావాలంటే సిడ్నీ శివారు టూంగాబీలో మా ఇంట్లో పెరిగి ఉండాలి. స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఎర్ర ఇటుకల ఇల్లు. ముందు బాటిల్‌బ్రష్ చెట్టు, వెనక అమ్మ ప్రాణం పెట్టి పెంచిన కరివేపాకు, దానికి చలికాలంలో కట్టే పాత దుప్పటి. ఇంట్లో స్మోక్ అలారం ఉండేది గానీ పాపం దానికెప్పుడూ అవకాశం రాలేదు. పోపులో మెంతులు రెండు క్షణాలు ఎక్కువ వేగితే చాలు, స్నానాల గదిలోంచి అమ్మ గొంతు లేచేది: "ఏవండీ, స్టవ్ కట్టెయ్యండీ!" ఆవకాయ జాడీ మూత తీసి, వేలు పెట్టకుండానే, ఉప్పు తక్కువైందనేది. నేను స్కూల్నుంచి వచ్చి గుమ్మంలో షూ విప్పుతుంటే, ఇవాళ ఎవరి లంచ్‌బాక్స్‌లో చెయ్యి పెట్టావో వంటింట్లోంచే చెప్పేది. పక్కింటివాళ్ళ పెరటి బార్బెక్యూ మీద ఏం కాలుతోందో వాళ్ళకంటే ముందు మాకు తెలిసేది. మేం శాకాహారులం, ఆ సమాచారంతో మాకేం పని లేదు, అయినా తెలిసేది.

యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఒకసారి సిగరెట్ కాల్చాను. ఒక్కటే. తర్వాత రెండు పుదీనా బిళ్ళలు చప్పరించి, ఎవరి ఇంటి ముందో ఉన్న నిమ్మాకు కోసి చేతులకి రుద్దుకుని, స్టేషన్ చుట్టూ మూడుసార్లు నడిచి ఇంటికొచ్చాను. అమ్మ సోఫాలో పప్పు ఏరుకుంటోంది. తలెత్తలేదు.

"ఏం కాల్చావే?"

"ఏం లేదమ్మా! నీకు సిగరెట్ వాసన వస్తోందా?"

"సిగరెట్ వాసన రావట్లేదు. దాన్ని దాచిన వాసన వస్తోంది."

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో నేను అబద్ధాలాడటం మానేసి జోకులు వెయ్యడం మొదలుపెట్టాను. జోకుకి వాసన ఉండదు.

ఈ ముక్కుకి ఏడాదికోసారి పండగ జరిగేది. అమ్మానాన్నల పెళ్ళిరోజు. మధ్యాహ్నం పులిహోర, గుత్తివంకాయ, సేమ్యా పాయసం అయ్యాక, నాన్న లాండ్రీ గదిలోకెళ్ళి, బట్టల సబ్బు డబ్బాల వెనక పాత తువ్వాలు మీద పడుకోబెట్టిన రెండు సీసాలు తెచ్చేవాడు. ఒకటి రీస్లింగ్ అనే తెల్లది, ఒకటి ఎర్రది, రెండూ ఫాల్జ్‌వే. మా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది ఆ గది గచ్చు. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే, గాజు గ్లాసులు వాడకూడదు. గాజు గ్లాసులో పోస్తే అది తాగుడు. స్టీలు గ్లాసులో పోస్తే అది వాసన చూడ్డం. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు గానీ మా ఇంట్లో దానికి తిరుగులేదు. కాకినాడలో పెళ్ళికొచ్చిన రెండు గ్లాసులుండేవి, అంచు మీద తాతగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి. వాటిలో నాన్న చెరో రెండు గుక్కలు పోసేవాడు. అమ్మ చేతిరుమాలు కళ్ళకి కట్టుకుని ఒక్కో గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకునేది. నాన్న నోట్‌బుక్ తెరిచి, పరీక్ష హాల్లో కుర్రాడిలా, ఆవిడ ఏమంటే అది రాసుకునేవాడు. దబ్బకాయ. తడిసిన పలక. వాన మొదలవగానే సున్నం గోడ. ఎర్రదానికి నేరేడు, వేడి మట్టి, ఒక్కోసారి కొత్త చెప్పులు. అన్నీ అయ్యాక ఆవిడ గ్లాసులు ఆయనకిచ్చేసేది. ఒక్క చుక్క తాగేది కాదు. తరతరాలుగా తపస్సు చేసి తయారుచేసిన ఆ వైన్ని మా నాన్న అంచుకి పెదవి తగలకుండా, మంచినీళ్ళలా ఎత్తిపోసుకుని గుటకేసేవాడు. అమ్మ ఎంగిలి పడనిచ్చేది కాదు మరి.

అసలు ఆవిడకి ఆ విద్య వచ్చిందే ఎంగిలి వల్ల. పెళ్ళైన మూడో నెలలో నాన్నకి రైన్ నది ఒడ్డున పెద్ద రసాయనాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఫాల్జ్‌లో కొండ కింద ఒక పల్లెలో, ద్రాక్షతోటలున్న ఒక ముసలావిడ ఇంటి మేడమీద గది అద్దెకి తీసుకున్నారు. ఊరంతా ఆవిడని ఓమా అనేవారు, అంటే బామ్మ అని. కోతలైన వారం పెరట్లో బల్లలు వేసి అందర్నీ కూర్చోబెట్టింది. ఆ ఊళ్ళో పద్ధతేమిటంటే, చేతికి జారకుండా గుంటలు గుంటలుగా ఉన్న అర లీటరు గ్లాసు ఒక్కటే ఉంటుంది. దాన్ని బల్ల చుట్టూ తిప్పుతారు. ఒకరు తాగి పక్కవారికివ్వాలి. అది స్నేహం. అమ్మ వరసలో ఆరోది. వయసు ఇరవై మూడు, తలకి కొబ్బరినూనె, వచ్చిన జర్మన్ మాటలు రెండు: నమస్కారం, బంగాళాదుంప. మందు అన్నది తర్వాతి సంగతి, ఐదుగురి ఎంగిలి అన్నది ముందు సంగతి. వద్దంటే ఓమా నొచ్చుకుంటుంది, తాగితే ప్రాణం పోతుంది. అందుకని అమ్మ గ్లాసు ముక్కు దగ్గరకి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, అలా ఉండిపోయింది. బల్ల చుట్టూ మాటలాగిపోయాయి. చివరికి భయంతో "దబ్బకాయ" అని గ్లాసు నాన్నకిచ్చేసింది. ఏమందని అందరూ అడిగారు. దబ్బకాయని జర్మన్‌లో ఏమంటారో నాన్నకేం తెలుసు? "కోపంగా ఉన్న పెద్ద నిమ్మకాయ" అన్నాట్ట. ఓమా బల్ల మీద అరచేత్తో కొట్టి, అదే, అదే అని గంతులేసిందట. ఆ తర్వాత సిడ్నీకొచ్చేదాకా మూడేళ్ళు ఏ పీపా మూత తీసినా ముందు మేడమీదకి కబురొచ్చేది.

నాన్న ఈ కథ వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా గ్లాసు పెరిగేది. నేను యూనివర్సిటీకొచ్చేసరికి అది దాదాపు బకెట్టు. అమ్మ వంటింట్లోంచే సరిదిద్దేది: "అర లీటరండీ."

ఒక పెళ్ళిరోజుకి ప్రసాద్ అంకుల్ వచ్చాడు. పళ్ళ డాక్టరు, ద పాండ్స్‌లో పెద్ద ఇల్లు, నాన్నని 'బావగారూ' అని పిలిచేవాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా. ఆ ఏడు నాన్న ఎక్కడో వెతికి పాత రీస్లింగ్ తెప్పించాడు, చాలా ఏళ్ళు నిలవ ఉన్నది. అమ్మ కళ్ళకి గంత కట్టుకుని గ్లాసు ఎత్తింది. మొహం విచ్చుకుంది. "కిరసనాయిలు," అంది. "మా అమ్మమ్మ వంటింట్లో ఒత్తుల స్టవ్ ఆర్పేసిన వాసన." నాన్న ఆనందంగా రాసుకుంటున్నాడు. పాత రీస్లింగ్‌కి ఆ వాసన రావడమే గొప్ప, దానికోసమే జనం ఏళ్ళ తరబడి ఆగుతారు. పాపం ప్రసాద్ అంకుల్‌కి అది తెలీదు. "అయ్యో అక్కయ్యా, పాడైపోయింది, ముట్టుకోకండి!" అంటూ సాయం చెయ్యాలన్న ఉత్సాహంలో సీసా తీసుకెళ్ళి మొత్తం సింకులో వంపేశాడు. నాన్న పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగోరోజు పన్ను నొప్పొచ్చింది, మాట్లాడాడు.

ఇలా రాసుకుంటూ పోతే మా ఇల్లంతా నవ్వులే అనిపిస్తుంది. నవ్వడంలో ఒక ప్రమాదముంది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. రెండేళ్ళ కిందట ఒకరోజు నాన్న పేపరు చదువుతుంటే అమ్మ పక్కనుంచి వెళ్తూ ఆగింది. "ఏవండీ, మీ దగ్గర ఇనప వాసన వస్తోంది." నాన్న పేపరు దించకుండానే, "తెల్లదా, ఎర్రదా?" అన్నాడు. నేను పకపకా నవ్వాను. నాన్నకి మాయిశ్చరైజర్ బదులు తుప్పు వదిలే నూనె కొందామన్నాను. ఆవిడ నవ్వలేదు. డాక్టరు దగ్గరకెళ్దామని వారం రోజులు పోరింది. మేమిద్దరం వారం రోజులు ఏడిపించాం. వెళ్ళింది రెండు నెలలయ్యాక. స్కాన్లు చూసి డాక్టర్లు ఆ జబ్బుకి ఇంకో పేరు చెప్పారు గానీ, ముందు చెప్పింది అమ్మే.

అలాంటి మనిషి, ఈ మధ్య ఒక పొద్దున స్టవ్ ఎదురుగా నిలబడి ఉంది. పాలు పొంగి, గిన్నె అడుగంటి, మాడు వాసన నా గదిదాకా వచ్చింది. స్మోక్ అలారం జీవితంలో మొదటిసారి మోగింది. అమ్మ ఉలిక్కిపడి పైకి చూసింది, ఆ చప్పుడేమిటన్నట్టు. తర్వాత నేను గమనించడం మొదలుపెట్టాను. సాంబార్లో ఇంగువ మూడింతలైంది. ఫ్రిజ్‌లో కొత్తిమీర కుళ్ళి నీరు కారుతున్నా పక్కనే పెరుగు పెడుతోంది. "అమ్మా, ఏమైనా వాసనొస్తోందా?" అంటే, "రాకేం? నాకేమైనా జలుబా?" అని కసిరింది. ఆ కసరడమే తేడాగా ఉంది. అందుకని ఆ వైన్ కొట్టు పిలుపు నాకు బాగా పనికొస్తుందనిపించింది. నాన్న పేరు చెప్పి తీసుకెళ్ళాను. కన్నతల్లికి పరీక్ష పెట్టడానికి తీసుకెళ్తున్నానని నాకు తెలుసు. ఆ మాట నాతో నేను కూడా అనుకోలేదు.

కొట్టు మేడమీద పొడవాటి బల్ల, తెల్ల గుడ్డ, ఉప్పులేని బిస్కెట్లు, ఉమ్మడానికి చిన్న బకెట్లు. అమ్మ గద్వాల చీర కట్టుకుంది. చుట్టూ షార్ట్స్ వేసుకున్న జనం మధ్య పెళ్ళికొచ్చినట్టుంది. ఆ బకెట్ వైపు చూసి, "ఛీ, అందరూ అందులోనేనా?" అంది. పోసే అమ్మాయికి ముక్కుపుడక, మంచి నవ్వు. నాన్న పేరు చెప్పగానే గుర్తుపట్టి, ఈవిడేనా ఆ ముక్కున్నావిడ, అంది. నాన్న అక్కడ కూడా చెప్పాడన్నమాట. గ్లాసు సైజు ఎంతని చెప్పాడో అడగలేదు.

మొదట రీస్లింగ్ ఇచ్చింది. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది, ఎప్పటిలాగే చాలాసేపు. "దబ్బకాయ," అంది, తర్వాత ఇంగ్లీషులో దాన్ని వివరించింది. ఆ అమ్మాయి మురిసిపోయింది. ఎర్రది వచ్చింది, స్పేట్‌బుర్గుండర్. "నేరేడు, కొంచెం వేడి మట్టి." పక్కన నిలబడ్డ ముసలాయన కాగితం మీద రాసుకున్నాడు కూడా. నేను ఊపిరి పీల్చుకున్నాను. పాలు మాడటం ఏదో పరధ్యానం అనుకున్నాను. అప్పుడు మూడోది వచ్చింది, ఇంకో తెల్లది, గెవుర్జ్‌ట్రామినర్. దాని గురించి నాకు తెలిసింది ఇంతే: గ్లాసు నా చేతికి రాకముందే గులాబీ అత్తరు గుప్పుమంది. పెళ్ళిలో పన్నీరు జల్లినట్టు. నా ముక్కుకే తెలిసిందంటే అది ఎవరికైనా తెలియాలి. అమ్మ దాని రంగు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "దబ్బకాయ," అంది. "కొంచెం తడిసిన పలక."

పోసే అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసి, వెంటనే అమ్మ వైపు తిరిగి, "బ్యూటిఫుల్. ఆ పలక వాసన ఎవరూ పట్టుకోలేరు," అంది. పరాయి పిల్లకున్నంత మర్యాద నాకు లేకపోయింది. "అమ్మా, కళ్ళు మూసుకో, నేనిస్తా," అన్నాను నవ్వుతూ, మన ఇంటి ఆట అన్నట్టు. ఆవిడ నన్ను చూసింది. వద్దనొచ్చు. అనలేదు. కళ్ళు మూసుకుంది. నేను ఎర్రదాని గ్లాసు చేతిలో పెట్టాను.

ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎంతసేపుంచిందో. గాలి పీలుస్తోంది, వదులుతోంది. కనుబొమలు ముడిపడ్డాయి. సమాధానం రాని పిల్లల్ని టీచర్లు అలా చూస్తూ నిలబడటం ఎంత పాపమో అప్పుడు తెలిసింది. ఇంక చాలమ్మా అనబోయాను. ఈలోగా అమ్మ గ్లాసు దించి, అంచుకి పెదవులు ఆనించి, తాగింది. ముప్పై ఐదేళ్ళుగా ఒక్క చుక్క ముట్టని మనిషి, ఓమా ఎదురుగా కూడా ముట్టని మనిషి, నా పరీక్ష తప్పకూడదని, నాలికతోనైనా తెలుస్తుందేమోనని తాగింది.

"పుల్లగా ఉంది," అంది. "తెల్లదే."

కళ్ళు తెరిచి గ్లాసులోకి చూసింది. ఎర్రటి వైన్ని చాలాసేపు చూసింది. ఆ అమ్మాయి బిస్కెట్లు సర్దడానికి వెళ్ళిపోయింది.

"ఇంతేనా దీని రుచి?" అంది అమ్మ చివరికి. "పుల్ల నీళ్ళు. మీ నాన్న దీనికోసమా ఇన్నేళ్ళు అంత హంగామా చేశారు?"

వైన్లో రుచి అనుకునేదంతా వాసనేనని, అది తీసేస్తే మిగిలేది పులుపొక్కటేనని ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

తిరుగు రైల్లో పక్కపక్కన కూర్చున్నాం. పారామట్టా స్టేషన్ దాటింది. మా ఇంట్లో ఒకప్పుడు వాసనలన్నీ ఆవిడ మా అందరి తరఫునా చూసి చెప్పేది. అన్నం అయిందో లేదో, వాన వస్తుందో రాదో, మనిషి బాగున్నాడో లేదో. ఇప్పుడు ఇంట్లో ఇద్దరం మిగిలాం. ఒకరికి ముక్కు పనిచెయ్యదు, ఇంకొకరు దాన్ని ఎప్పుడూ వాడలేదు.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"నాన్న పోయిన నెలలో జలుబు చేసింది చూడు. అప్పట్నుంచీ. కొన్నాళ్ళు కొంచెం కొంచెం తెలిసేది. తర్వాత అదీ లేదు."

"డాక్టర్‌కి చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏమంటారు? ముక్కులో ఏం లేదంటారు. అది నాకూ తెలుస్తోందిగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ కిటికీలోంచి చూస్తోంది. "ఇంటికెళ్ళాక ఒక పని చేసిపెట్టాలి నువ్వు. నవ్వకూడదు," అంది. "నాన్న స్వెట్టర్ ఒకటి ఉతక్కుండా దాచాను. బీరువాలో పెడితే కలరా ఉండల వాసన పట్టేస్తుందని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. మొదట్లో రోజూ తీసేదాన్ని. ఒకరోజు తీస్తే ఏమీ లేదు. వాసన పోయిందో, నా ముక్కే పోయిందో తెలియలేదు. ఎవర్ని అడగను? అడిగితే ముక్కు సంగతి చెప్పాలి. చెప్తే మీరంతా పోయింది ముక్కే అంటారు, దాన్ని పారేసి పడుకోమంటారు. నాకు అది తెలియాలే. ఉందో లేదో."

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. అమ్మ చీర కూడా మార్చుకోలేదు. మంచం కింద నుంచి డబ్బా లాగింది. పది కిలోల బియ్యం పట్టే ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ క్లిప్పులు. మూత తీసి, స్వెట్టర్ నా చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి జరిగింది, తన గాలి తగిలినా పాడవుతుందన్నట్టు.

మొహం దాంట్లో పెట్టుకుని పీల్చాను. ప్లాస్టిక్. కొద్దిగా తవుడు. ఉన్ని. మళ్ళీ పీల్చాను. నాన్న లేడు.

"ఉందా?"

"ఉందమ్మా."

"ఏం వాసన?"

మా అమ్మతో ఇదే బాధ. ఉంది అంటే సరిపోదు. ఆవిడకి పేరు కావాలి.

"సబ్బు," అన్నాను. "ఆ ఆకుపచ్చ సబ్బు. దానిమీద షేవింగ్ క్రీమ్. సాయంత్రం ఆఫీసు నుంచి రైల్లో నిలబడి వచ్చిన చొక్కా... వాన రోజుల్లో తడిసిన గొడుగు చంకలో పెట్టుకుంటాడు చూడు, ఆ వాసన. నన్నెత్తుకుంటే మెడ దగ్గర వచ్చేది. వేరుశనక్కాయలు. జేబులో వేసుకుని దారంతా తింటూ వచ్చేవాడుగా."

నేను స్వెట్టర్లోంచి తల ఎత్తలేదు, ఎత్తితే అమ్మ మొహం చూడాలి.

"ఆ సబ్బు నీకు పదేళ్ళప్పుడే మానేశారే," అంది మెల్లగా. "ఒంటికి పడట్లేదని. ఈ స్వెట్టర్ కొన్నది పోయినేడు, ఆసుపత్రిలో చలేస్తోందంటే."

దొరికిపోయాను. ముక్కు లేకుండా కూడా పట్టేసింది. తిడుతుందని, లేకపోతే ఏడుస్తుందని చూశాను. ఆవిడ స్వెట్టర్ వెనక్కి తీసుకోలేదు. వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"సరే," అంది. "గొడుగు తర్వాత ఏంటన్నావ్?"